ఎడమవైపు అరిగిన రబ్బరు

ఈ ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ప్రహరీ గోడ మీదుగా ఎవరో తల పెట్టి మా పెరట్లోకి తొంగిచూస్తుంటే, చేతిలో చీపురు కింద పెట్టకుండానే బయటికి వెళ్ళాను. గడ్డం పెంచుకున్న కుర్రాడు, మెడలో కంపెనీ బిళ్ళ వేలాడుతోంది, ముఖం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు, నాకు అలాంటివాళ్ళ మీదే ఎక్కువ అనుమానం. "ఆంటీ, గా రేకుల కింద ఉన్నది పాత బండే కదా, అమ్ముతరా?" అన్నాడు. నిలువెల్లా పట్టా కప్పి, పైన పాత పరుపు వేసి, చుట్టూ కొబ్బరి మట్టలు పేర్చిన వస్తువు బండి అని ఇతనికి ఎవరు చెప్పారు, ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నాడు? అమ్మం అని చెప్పి గేటుకు తాళం వేశాను, పొద్దుగూకేదాకా తియ్యలేదు.

నా తత్వం ముందే చెప్పుకోవడం మంచిది. పాలవాడి ఎదురుగా పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె లోపలికి తీసుకోను, కందిపప్పు తెస్తే తడిగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూస్తాను, బస్సులో పక్కన కూర్చున్న మనిషి కునుకు తీస్తుంటే నిజంగా నిద్రేనా అని ఓరకంట కనిపెడతాను. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతాన్ని నువ్వు సారెతో పాటే తెచ్చుకున్నావని మావారు నవ్వేవారు. నా వయసు వాళ్ళలో చాలామందికి ఈ గుణం ఉంటుంది, పైకి ఒప్పుకోరు, అంతే తేడా.

ఆ బండి మావారిది. మేము కోస్తా నుంచి వచ్చిన వాళ్ళం. మామగారు కుటుంబంతో ఇబ్రహీంపట్నం వచ్చి విత్తనాలు, పురుగుమందుల కొట్టు పెట్టారు, నేను ఆ తరువాత కొన్నేళ్ళకు కోడలిగా వచ్చాను. అప్పట్లో ఊళ్ళో అలాంటి బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, గుండ్రటి లైటు, వంకాయ రంగు ట్యాంకు, పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి, గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు రాడ్డు అయ్యేది. ఆయన చెరువు కట్ట ఎక్కారంటే చాలు, ఆ శబ్దం మా వంటింట్లోకి వినిపించేది, నేను అన్నం వార్చే వేళకు ఇంటి ముందు ఉండేవారు. మీలో ఎందరికి గుర్తుందో గానీ, ఆ రోజుల్లో మగవాళ్ళు వచ్చేది ముందు చెవికి తెలిసేది, తరువాత కంటికి.

నేను ఆ బండి ఎక్కింది బహు తక్కువ. పెళ్ళయిన కొత్తలో మన్నెగూడ వైపు వెళ్తుండగా కొంగు చక్రంలో చుట్టుకుని రోడ్డు మీద పడ్డాను, మోచేయి చీరుకుపోయింది. ఆ వారమే ఆయన వెనక చక్రానికి ఎడమ పక్క శారీ గార్డు, దాని కింద ఆడవాళ్ళు పాదాలు ఆనించుకోవడానికి రబ్బరు తొడిగిన పట్టీ వేయించారు. నా కోసమే వేయించారు, నేను మాత్రం మళ్ళీ ఎక్కలేదు. పడ్డది నేను గానీ చక్రం కాదు కదా. ఎక్కడికి వెళ్ళినా బస్సే నాకు హాయిగా ఉండేది.

ఇక ఆయన గురువారాల సంగతి. ప్రతి గురువారం మంచాల వైపు రైతులను కలిసి రావాలని బయల్దేరేవారు. మిగిలిన రోజులు ఏ చొక్కా అయినా సరిపోయే మనిషి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసేవారు, పొద్దున్నే గడ్డం గీసుకునేవారు. తిరిగి వచ్చాక చొక్కా ఉతకడానికి తీస్తే ఒక్కోసారి లీలగా అత్తరు వాసన వచ్చేది. ఇవన్నీ పక్కన పెట్టండి. మంచాల వైపు అంతా వాన మీద బతికే సేద్యం, ఒక ఏడాది చినుకు పడక ఒక్క చేనులోనూ నాగలి కదల్లేదు, ఆ ఏడాది కూడా ఒక్క గురువారం ఆగలేదు. దుక్కే లేనిచోట విత్తనాలు ఎవరికి అని అడిగాను. చెడిన కాలంలో ముఖం చూపించకపోతే మంచి కాలంలో మన కొట్టుకు ఎవరొస్తారు అన్నారు. జవాబు బాగానే ఉంది, అంత బాగా ఉండడమే నాకు నచ్చలేదు.

ఇంట్లో ఈ బాధ చెప్పుకోవడానికి ఎవరున్నారు. మామగారు తన మాట ఎవరినీ దాటనివ్వని మనిషి, ఆయన ముందు గొంతెత్తి మాట్లాడేవాళ్ళం కాదు. అత్తగారు మెత్తనిది. ఆవిడ కూడా గురువారం గురువారం రావిర్యాల దగ్గర బాబా భజన ఉందని బస్టాండుకు నడిచి వెళ్ళి, సాయంత్రానికి వచ్చేది. వచ్చేటప్పుడు అప్పుడప్పుడు చిన్న స్టీలు డబ్బాలో ప్రసాదం తెచ్చేది, సన్నటి సేమ్యా, అందులో ఎండు ఖర్జూరం, సారపప్పు. ఎవరో భక్తురాలు చేసి తెస్తుందని చెప్పేది. నేను కళ్ళకద్దుకుని తినేదాన్ని, ఆ దేవుడికే మొక్కేదాన్ని కూడా, మావారి మనసు దారి తప్పకుండా చూడమని.

ఆ ఇంట్లో ఒక ఆడపడుచు ఉండేదని నాకు పక్కింటావిడ చెబితేనే తెలిసింది. మావారికి చెల్లెలు. నా పెళ్ళికి ముందే ఇష్టపడ్డవాడితో వెళ్ళిపోయిందనీ, బొంబాయిలో ఉందనీ, ఆ పేరు ఇంట్లో వినపడితే మామగారు కంచం ముందు నుంచి లేచిపోతారనీ చెప్పింది. ఇంట్లో ఆ పిల్ల ఫొటో ఒక్కటి లేదు. ఒకసారి అత్తగారిని అడగబోతే, ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలేసింది, మళ్ళీ అడగలేదు.

తరువాత అత్తగారు పోయారు. ఆ నెలలోనే మావారు బండిని పెరట్లోని రేకుల కింద పెట్టి పట్టా కప్పేశారు, నడుము నొప్పి అన్నారు. మంచాల పని ఉంటే బస్సులో వెళ్ళివచ్చేవారు. ఆ ఇస్త్రీ చొక్కా లేదు, అత్తరు వాసన లేదు, మనిషి డీలాపడిపోయారు. నాకు ఏమనిపించిందో మీరు ఊహించగలరు. ఆవిడెవరో కాదందేమో అనుకున్నాను, సంతోషించాను కూడా. కొన్నేళ్ళకు మామగారు పోయారు, ఇప్పుడు మావారూ లేరు. ఆయన ఫొటోకు దండ వేసిన నాడే ఆ సంగతిని కూడా ఆయనతోనే సాగనంపేశాననుకున్నాను, కానీ నివురుగప్పిన నిప్పు ఎక్కడికి పోతుంది.

గోడ మీద నుంచి తొంగిచూసిన కుర్రాడి సంగతి మా అమ్మాయికి చెప్పాను. అది ఆదిబట్ల దగ్గర కంపెనీలో పనిచేస్తుంది, మన్నెగూడలో కాపురం. ఆదివారం రాగానే కొంగు బిగించి పట్టా లాగేసింది, నాన్న బండి బాగుచేయించి నేనే నడుపుతానంది. దానికి తండ్రి అంటే ప్రాణం. సీటులో ఎలుకలు గూడు పెట్టాయి, గొలుసు తుప్పు పట్టి ముద్దయింది, చక్రాల్లో గాలి పోయి బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ అది ఎడమ పక్కకు వచ్చి నవ్వింది. "అమ్మా, బండి ఎక్కనంటావు, నాన్నతో ఎంత తిరిగావే! రబ్బరు అరిగిపోయి ఇనుము కనిపిస్తోంది."

నేను వంగి చూశాను. నిజమే, ఆడమనిషి పాదాలు ఆనించే ఆ పట్టీ మీద రబ్బరు మధ్యలో పూర్తిగా అరిగిపోయి ఇనుము నున్నగా మెరుస్తోంది. నావి కాని పాదాలు ఏళ్ళ తరబడి అక్కడ ఆనితే తప్ప అంత అరుగుదల రాదు. అమ్మాయి నా ముఖం వైపు చూస్తోంది. ఏదో తిరిగాంలే అన్నాను. ఆయన మీద నా అనుమానం నిజమైతే ఒక బాధ, నిజమని అమ్మాయికి తెలిస్తే అంతకు మించిన బాధ. అయినా తెలుసుకోకుండా ఉండగల మనిషినా నేను.

మా ఊరి మెకానిక్ వచ్చి చూసి, ఇంజను పట్టేసిందని, తనవల్ల కాదని చేతులెత్తేశాడు. "గిసొంటి బండ్లకు మంచాలల ఒక సాబ్ ఉన్నడమ్మా. గాయన చెయ్యి పడితెనే లేస్తది" అన్నాడు. మంచాల పేరు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పైగా ఈ పాత బండ్ల అసలు సామాను పీకి అమ్ముకుని నకిలీవి బిగిస్తారని ఎవరో అన్నారు. అందుకని అమ్మాయి గోళ్ళ రంగు సీసా తీసుకుని, బండిలో చెయ్యి దూరిన ప్రతి భాగం మీదా ఎవరికీ కనపడని చోట ఒక్కో చుక్క పెట్టాను. కార్బురేటరు కింద, మాగ్నెటో మూత లోపల, రెండు సైలెన్సర్ల వెనక. అమ్మాయి నెత్తి కొట్టుకుంది గానీ నన్ను ఆపలేదు.

ట్రాలీ ఆటోలో బండి ఎక్కించుకుని ఇద్దరం వెళ్ళాం. రోడ్డు పక్కన వేపచెట్టు నీడన రేకుల షెడ్డు, దాన్ని ఆనుకునే ఇల్లు, తలుపుకు పచ్చ పరదా. తెల్లగడ్డం పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నంబరు పలక చూసి అక్కడే ఆగిపోయాడు. తరువాత నన్ను చూశాడు, మా అమ్మాయిని ఇంకా ఎక్కువసేపు చూశాడు. మా నాన్న బండి అని అమ్మాయి చెప్పింది. "దించుండ్రి, జర పైలం" అన్నాడు, అంతే, ఏ ఊరు, ఎన్నేళ్ళ నుంచి పడి ఉంది అని ఒక్క మాట అడగలేదు. ఏ మెకానిక్ అయినా ముందు అదేగా అడుగుతాడు.

అమ్మాయికి ఉద్యోగం ఉంది, నాకేముంది. పొద్దున బస్సెక్కి మంచాల వెళ్ళడం, షెడ్డులో స్టూలు మీద కూర్చోవడం, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావడం, ఇదే నా ఉద్యోగం అయింది. ఆయన ప్లగ్గు రంధ్రంలోంచి కిరోసిన్ పోసి ఇంజను నానబెట్టాడు. ట్యాంకులో గులకరాళ్ళు పోసి గలగలలాడిస్తూ తుప్పు రాల్చాడు. సైలెన్సర్లు ఊడదీసి లోపలి మసి మంటబెట్టి కాల్చాడు, ఆ పొగ వాసనకు నాకు మా పాత వంటిల్లు, అన్నం గిన్నె, కట్ట మీద శబ్దం అన్నీ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, అయినా చూపు ఆయన చేతుల మీద నుంచి తియ్యలేదు. సీటు కింద అరలో పానాలు, స్క్రూడ్రైవర్ల మూట ఉంటుందని నేను చెప్పలేదు, చూడకుండానే చెయ్యి పెట్టి తీశాడు. బండి ఇదివరకు మీ దగ్గరికి వచ్చేదా అని అడిగితే, "బండ్లన్ని గిట్లనే ఉంటయమ్మా" అన్నాడు.

లోపలి నుంచి రోజూ చాయ్ వచ్చేది, ఎవరో పరదా సందులోంచి చెయ్యి చాపి గ్లాసు గడప మీద పెట్టేవారు, ఆయన లేచి తెచ్చి ఇచ్చేవాడు. నేను తాగేదాన్ని కాదు. ముఖం చూపించని మనిషి చేసిన చాయ్ ఎలా తాగుతాను. పరదా వెనక గాజుల చప్పుడు వినపడేది, నేను అటు తిరగగానే ఆగిపోయేది. చూస్తున్నది నేనొక్కదాన్నే కాదు, నన్ను కూడా ఎవరో చూస్తున్నారు.

బండి ఒక రూపానికి వచ్చింది. పాత రబ్బర్లన్నీ తీసి కొత్తవి వేశాడు, హ్యాండిలు పట్టులు, గేరు రాడ్డు తొడుగు, ముందు పాదాల కిందివి, అన్నీ. ఎడమ పక్క ఆ పట్టీ మాత్రం వదిలేశాడు. మరిచిపోయాడేమో అనుకుని గుర్తుచేశాను. "గది పాతదే ఉండనియ్యమ్మా" అన్నాడు. ఎందుకు అన్నాను. ఆయన కిక్కు కొట్టడానికి వెళ్ళాడు. ఆ బండి ఊరికే లేవదు, దానికో మర్మం ఉంది. కార్బురేటరుకు గాలి పోయే నోటిని అరచేత్తో మూసి, రెండుసార్లు మెల్లగా తొక్కి, మూడోసారి చెయ్యి తీస్తూ గట్టిగా తొక్కాలి, మావారు తప్ప ఇంకెవరూ అలా లేపగా నేను చూడలేదు. పెద్దాయన అచ్చం అలాగే అరచెయ్యి పెట్టాడు. బండి లేచింది, తెల్లటి పొగ వేపచెట్టు దాకా పోయింది.

శబ్దం ఆగాక ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఈ బండి మీకు బాగా తెలుసు, మావారు దీని మీద ఎవరినో కూర్చోబెట్టుకుని ఇక్కడికి వచ్చేవారు, ఎవరో చెప్పండి, నేను ఏడవను, గొడవ చెయ్యను అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని పరదా వైపు చూపించాడు. "నేను చెప్పెటోన్ని కాదమ్మా. ఇంట్ల ఉన్నది, ఆమెనే అడుగు" అన్నాడు.

పరదా వైపు నడిచాను. నా కాపురమంతా ఎదురుచూసిన ముఖం ఆ పచ్చ గుడ్డకు అవతల ఉంది. ఏమనాలో ఎన్నో ఏళ్ళుగా సిద్ధం చేసుకున్న మాటలు ఉన్నాయి, మంచివి, వాడిగా ఉన్నవి, ఒక్కటీ గుర్తుకు రాలేదు. పరదా దానంతటదే తొలగింది. చేతిలో గిన్నెతో ఒకావిడ నిలబడి ఉంది, నా వయసే ఉంటుంది, తలమీద కొంగు. ఆ ముక్కు, ఆ చెంపలు, కుడివైపుకు కాస్త వాలిన ఆ మెడ, అన్నీ మా అత్తగారివి. ఆవిడే చచ్చి బతికి వచ్చిందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను.

"వదినా" అంది, "లోపటికి రా."

నన్ను ఆ మాటతో ఎవరూ ఎన్నడూ పిలవలేదు. గడప దాటి లోపలికి వెళ్ళాను.

బొంబాయి కాదు, గింబాయి కాదు, ఆడపడుచు ఇల్లు వదిలిన నాటి నుంచీ మంచాలలోనే ఉంది. మా కొట్టుకు ఎదురుగా అప్పట్లో మెకానిక్ షెడ్డులో పనిచేసిన యువకుడే ఈ పెద్దాయన. మామగారికి తెలిస్తే ఏం జరిగేదో అని బొంబాయి మాట మావారే పుట్టించారట. "అమ్మ భజనకని బస్టాండ్ల బస్సెక్కి, కట్ట దాటినంక దిగేది వదినా. అన్న ఆడ బండి ఆపుకోని ఉండెటోడు. గురువారం తప్పలే, ఎండలు కొట్టినా, కాలం కాకపోయినా తప్పలే" అంది. మావారి చొక్కాకు అంటిన అత్తరు, కలిసినప్పుడల్లా ఆయన్ను కౌగిలించుకునే ఈ పెద్దాయనది. అమ్మ పోయాక అన్న మళ్ళీ బండి మీద రాలేదట. వెనక సీటు ఖాళీగా ఉంటే నడపబుద్ధి కావడం లేదన్నారట. చెల్లెల్ని చూడడానికి బస్సులోనే వచ్చేవారు, చివరిదాకా వచ్చారు. ఆయన పోయిన నాడు ఆడపడుచు మా వీధి చివరిదాకా వచ్చి, జనం కదిలేదాకా నిలబడి, వెనుదిరిగింది. ఎవరొచ్చారు ఎవరు రాలేదు అని ప్రతిదీ చూసే నాకు ఆ రోజు ఏమీ కనపడలేదు.

గిన్నెలో సేమ్యా. ఎండు ఖర్జూరం, సారపప్పు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఊరందరి పాలల్లో వేలు ముంచిన నేను ఆ డబ్బా తెచ్చిన మనిషిని ఒక్కనాడు శంకించలేదు. ఆ సేమ్యానే ప్రసాదమని కళ్ళకద్దుకుని, దాని ముందే మావారి గురించి మొక్కుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. అత్తగారి పాదాలు కదా అవి, ఆ రబ్బరు ఉండనివ్వమని పెద్దాయన ఎందుకన్నాడో అడగక్కర్లేకపోయింది.

అన్నీ విన్నాక నాకు ఎందుకు చెప్పలేదు అన్నాను. ఆడపడుచు గిన్నె నా ముందు పెట్టింది. అబద్ధం చెప్పడం చేతకాని ముఖం, ఆ విషయంలో తల్లి పోలిక రాలేదు. "ఏమనుకోకు వదినా. నీకు చెప్తె నాయనకు ఎర్కైతదని అమ్మకు బుగులు. కోడలు మంచిదే, గని నోట్ల నువ్వుగింజ నానది అనేది. నాయన పోయినంక అన్న చెప్తనన్నడు. ఇన్నేండ్లు దాచినమని చెప్తె ఇంకేం అనుమానం పెట్టుకుంటదో అని ఆగిండు."

బండి ఇప్పుడు అమ్మాయి నడుపుతోంది. దానికి సంగతంతా చెప్పాను, తండ్రి మీద దాని ప్రేమ రెట్టింపయింది, నా మీద జాలి కూడా. ఆడపడుచు మా ఇంటికి వస్తుంది, ముందుగా ఫోన్ చేసి, పట్టపగలు, ముందు గేటు నుంచి. కాలం అంత మారింది. మొన్న మా వీధిలోనే ఒక పిల్ల అలాంటి పెళ్ళి చేసుకుంటే ఫంక్షన్ హాల్లో రెండు వైపుల వాళ్ళూ వరసగా నిలబడి ఫొటోలు దిగారు, నేనూ వెళ్ళి అక్షింతలు వేసి భోంచేసి వచ్చాను. కూతుర్ని చూసుకోవడానికి దేవుడి పేరు చెప్పి బయల్దేరే తల్లులు ఇప్పుడు ఉంటారనుకోను. కోడళ్ళకు తెలియకుండా ఇంట్లో గుసగుసలు కూడా ఉండవేమో, అసలు మాట్లాడుకునే తీరిక ఎవరికి ఉందని.

నాకు ఒక్కటే మింగుడుపడదు. ఆ ఇంట్లో అనుమానించేది నేనొక్కదాన్నే అనుకుని బతికాను. తల్లీకొడుకులు ఇద్దరూ కూడబలుక్కుని నన్ను శంకించారని, నేను వంటింట్లోంచి ఇవతలికి రాగానే మాట మార్చేవారని ఇప్పుడు తెలిసింది. నాకు చెప్పి ఉంటే మామగారి చెవిన వేసేదాన్ని కాదు. గురువారం పొద్దున్నే లేచి ఆ పిల్లకు పులిహోర కలిపి నేనే డబ్బా కట్టి ఇచ్చేదాన్ని. ఈ మాట ఆడపడుచుతో అంటే, నిజమే వదినా, నువ్వు చెప్పెటిదానివి కాదు అంటుంది వెంటనే. నమ్మి అంటుందో, మర్యాదకు అంటుందో, ఎంత చూసినా నాకు తెలియడం లేదు. నమ్మాల్సిన వాళ్ళిద్దరూ నమ్మకుండానే వెళ్ళిపోయారు.